రేడియో బిరడా: శ్రుతి కలపడం, స్థాయి మార్చడం

సూర్యాపేట నుంచి హైదరాబాదు ఎంత దూరమో, విజయవాడ కూడా ఇంచుమించు అంతే దూరం. రెండు నగరాలనూ కలిపే రహదారికి నట్టనడుమ ఉన్న ఊరది. ఆ కారణాన అక్కడి రేడియోలకు ఒక భాగ్యం ఉండేది. నేను ఆ ప్రాంతంలో ఉపాధ్యాయుడుగా పనిచేసిన రోజులలో మధ్యతరంగాల మీద హైదరాబాదు కేంద్రం 738 కిలోహెర్ట్జ్ దగ్గర, విజయవాడ కేంద్రం 837 దగ్గర పలికేవి. ముల్లును బొటనవ్రేలి వెడల్పున జరిపితే చాలు, ఒక తెలుగు వదలి మరొక తెలుగులో పడేవాళ్ళం. కోదాడకు వెళ్తే విజయవాడ గొంతు నిండుగా వినిపించేది. మిర్యాలగూడలో రెండూ వినిపించేవి గానీ, బియ్యపు మిల్లుల మోటార్లు తిరిగే వేళల్లో రెండింటి మీదా ఒకే గరగర.

ఈ రెండు గొంతుల వెనుక రెండు చరిత్రలున్నాయి. హైదరాబాదు కేంద్రం 1930ల నాటి నిజాం ప్రభుత్వపు దక్కన్ రేడియోకు వారసురాలు. 1948 సెప్టెంబరులో విజయవాడ వైపునుంచి వచ్చిన భారత సేనలు కోదాడ, సూర్యాపేటల మీదుగానే రాజధానికి సాగాయి. 17వ తేదీన నిజాం కాల్పుల విరమణను ప్రకటించింది తన రేడియోలోనే. అదే సంవత్సరం డిసెంబరు 1న విజయవాడలో ఆకాశవాణి కేంద్రం వెలసింది. 1950 ఏప్రిల్ 1న హైదరాబాదు కేంద్రం కూడా ఆకాశవాణిలో కలిసింది. అంతకుముందు సరిహద్దుకు ఈవల ఒక రాజ్యం, ఆవల మరొక రాజ్యం. తరంగానికి మాత్రం సరిహద్దు లేదు కదా!

అయితే ఇదంతా వినేవాళ్ళ చరిత్ర. పలికేవాళ్ళు నగరంలో ఉండేవారు, మనం ముల్లు తిప్పుకొంటూ ఉండేవాళ్ళం. నేను ఇక్కడ వ్రాయదలచుకొన్నది మామూలు మనిషి తానుగా పలికే రేడియోను గురించి. దానిని ఔత్సాహిక రేడియో అంటారు, వాడుకలో హ్యామ్ రేడియో. ప్రభుత్వ పరీక్ష వ్రాసి, అనుమతి పొంది, సొంత పిలుపు సంకేతంతో గాలిలో మాట్లాడే విద్య ఇది. వినేదీ పలికేదీ ఒకే పెట్టె అయితే దానిని ట్రాన్స్‌సీవర్ అంటారు. ‘ప్రసారగ్రాహకం’ అని నేనొక మాట కూర్చాను గానీ నోటికి సులువుగా పలకడం లేదు. మిత్రులెవరైనా ఇంతకంటె తేలిక మాట చెబితే సంతోషిస్తాను.

ట్యూనింగు అనే మాటకు మాత్రం మనం వెదుక్కోనక్కరలేదు. శ్రుతి కలపడం అన్నది సిద్ధంగా ఉంది. శ్రుతి అంటే వినబడేది. వేదానికీ ఆ పేరే, సంగీతంలో ఆధార స్వరానికీ ఆ పేరే. వీణకు బిరడాలున్నట్లు రేడియోకు గుండీలున్నాయి. బిరడా తిప్పితే తంతి బిగువు మారి స్వరం మారుతుంది. రేడియో గుండీ తిప్పితే లోపలి కండెన్సరు పలకలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోతాయి. దానికి జతగా తీగచుట్ట ఒకటి ఉంటుంది. ఆ రెండూ కలిసి ఏ పౌనఃపున్యానికి అనునాదం పొందుతాయో అదొక్కటే బలంగా వినబడి, తక్కినవి అణగిపోతాయి. కండెన్సరు నాలుగింతలైతే పౌనఃపున్యం సగమవుతుంది. అంటే ఆ గుండీ ఒక్కదానితో ఎంతో దూరం పోలేము. ఒక హద్దు దాటాలంటే తీగచుట్టనే మార్చాలి. బ్యాండు మార్చడమనే పని ఇక్కడ పుట్టింది.

ఈ సంగీత సామ్యం నేను ముచ్చటపడి తెచ్చిపెట్టింది కాదు. 1927లో వాషింగ్టనులో దేశాలన్నీ కూడి తరంగాలను పంచుకొన్నప్పుడు ఔత్సాహికులకు దక్కిన పట్టీలను చూడండి: 160, 80, 40, 20, 10 మీటర్లు. మెగాహెర్ట్జులలో చెబితే మూడున్నర, ఏడు, పధ్నాలుగు, ఇరవై ఎనిమిది. ప్రతిదీ వెనుకటి దానికి రెట్టింపు. సంగీతంలో షడ్జమం రెట్టింపైతే పై స్థాయి షడ్జమం. మంద్రం, మధ్యమం, తారం. ఔత్సాహికుడి పట్టీలు అచ్చంగా స్థాయీభేదాలే. దీనికొక ప్రయోజనం ఉంది. ఏ ప్రసారయంత్రమైనా తన స్వరంతోపాటు దాని రెట్టింపు స్వరాన్ని కూడా ఎంతోకొంత వెలువరిస్తుంది. ఆ రెట్టింపు మరొకరి పట్టీలో పడి అల్లరి చేయకుండా తమవారి పట్టీలోనే పడుతుంది. పైగా మూడున్నర మెగాహెర్ట్జుల స్ఫటికం ఒక్కటి కొనుక్కొన్న పేదవాడు దానిని రెట్టింపు చేసి ఏడు, మళ్ళీ రెట్టింపు చేసి పధ్నాలుగు పలికించేవాడు. తరువాతి కాలంలో, అంటే 1947లో 15 మీటర్లు, 1979లో 30, 17, 12 మీటర్లు వచ్చి చేరాక ఈ అందం కొంత చెడింది.

మొదటి రోజుల్లో బ్యాండు మార్చడమంటే పెట్టె మూత తెరచి, తీగచుట్టను ఊడబెరికి, మరొకదానిని గుచ్చడమే. తరువాత పలుచని బిళ్ళలు వరుసగా పేర్చిన స్విచ్చి వచ్చింది. పిడి ఒకటి తిప్పితే లోపల అయిదారు చోట్ల చుట్టలు ఒక్కసారిగా మారేవి. వాల్వుల ప్రసారయంత్రంలో అంతటితో పని తీరేది కాదు. ప్రతి మార్పుకూ మూడు గుండీల తంతు ఉండేది. ముందు గ్రిడ్డు గుండీ తిప్పి మీటరు ముల్లును ఎంత పైకి లేస్తే అంత పైకి లేపాలి. తరువాత ప్లేటు గుండీ తిప్పి ముల్లు ఎక్కడ లోతుగా దిగుతుందో పట్టుకోవాలి. ఆపైన యాంటెన్నాకు బరువు తగిలించే గుండీని కొద్దిగా తిప్పి, మళ్ళీ ప్లేటు దగ్గరికి రావాలి. దీనినంతా కొద్ది సెకన్లలో ముగించకపోతే వాల్వు పలక ఎర్రబారిపోయేది. సంధ్యావందనంలో ఆచమనం మాదిరిగా, ఇది కాకుండా మాట మొదలయ్యేది కాదు.

ఇంకొక చిక్కు. వినే పెట్టె వేరు, పలికే పెట్టె వేరు. ఒకదాని ముల్లు ఒకచోట, రెండవదాని స్ఫటికం మరొకచోట. పిలిచినవాడు ఎక్కడ జవాబిస్తాడో తెలియక పట్టీ అంతా గాలించవలసి వచ్చేది. 1957లో అమెరికాలోని కాలిన్స్ సంస్థ కేడబ్ల్యూఎం-1 అనే యంత్రాన్ని తెచ్చింది. వినడం, పలకడం రెండింటికీ ఒకే గుండీ. ఇద్దరూ ఒకే శ్రుతిలో మాట్లాడుకోవడం దానితో సులభమైంది. ఏకపార్శ్వ పద్ధతి వ్యాపించాక అది తప్పనిసరి కూడా అయింది. ఈ పద్ధతిలో వాహక తరంగాన్ని తీసివేసి ఒక ప్రక్కను మాత్రమే పంపుతారు. శక్తి ఆదా. కానీ వినేవాడి గుండీ వంద హెర్ట్జులు తప్పినా గొంతు మారిపోతుంది. అటు జరిగితే బాతు అరచినట్లు, ఇటు జరిగితే కుంభకర్ణుడు గొణిగినట్లు. సన్నగా, వ్రేలికొసతో తిప్పుతూ పోతే ఒకచోట ఠక్కున మనిషి గొంతు అవుతుంది. ఆ క్షణంలో ఉన్న ఆనందం తంబురా శ్రుతి కుదిరినప్పటిదే.

ఇంతకీ బ్యాండు ఎందుకు మార్చాలి? కొత్తగా వినేవాళ్ళు ఇది దూరాన్నిబట్టి అనుకొంటారు. దూరం ఒక్కటే కాదు, పొద్దు కూడా. మన నెత్తిమీద చాలా ఎత్తున సూర్యకిరణాల వలన విద్యుదావేశం పొందిన పొరలున్నాయి. హ్రస్వతరంగాలు వాటిని తాకి తిరిగి నేలకు వస్తాయి. పగటివేళ అడుగు పొర మూడున్నర మెగాహెర్ట్జులను చాలావరకు మింగేస్తుంది. ఏడు మెగాహెర్ట్జులు దానిని దాటుకొని పై పొరదాకా పోయి, నిట్టనిలువుగా ఎక్కినా తిరిగి దిగివస్తాయి. అందుచేత పగలు సూర్యాపేటలో పలికితే హైదరాబాదులోనూ, మిర్యాలగూడలోనూ వినబడుతుంది. పధ్నాలుగు మెగాహెర్ట్జులు మాత్రం నిలువుగా పోతే చాలావరకు ఆకాశంలోకే చెక్కేస్తాయి. ఏటవాలుగా పోయినవి మాత్రమే వెనుదిరిగి, వేయి కిలోమీటర్ల ఆవల ఎక్కడో దిగుతాయి. నడుమనున్న ఊళ్ళన్నీ మూగ. దిబ్రూగఢ్ పలకరిస్తుంది గానీ కోదాడ పలకదు.

రాత్రి గడిచేకొద్దీ ఈ కథ తలక్రిందులవుతుంది. అడుగు పొర మాయమవుతుంది. పై పొర పలుచబడుతుంది. అప్పుడు ఏడు మెగాహెర్ట్జుల మీద పగలంతా వినిపించిన పక్క ఊరి మిత్రుడు మెల్లగా కరగిపోతాడు. అతని స్థానంలో ఏ రష్యావాడో, ఇండోనేషియావాడో వచ్చి కూర్చుంటాడు. పక్క ఊరివాడు మళ్ళీ కావాలంటే మంద్రస్థాయికి దిగాలి, అంటే మూడున్నరకు. దగ్గరివాడు దూరమై దూరపువాడు దగ్గరయ్యే ఈ వేళను గుర్తించడమే ఔత్సాహికుడి అసలు విద్య. స్విచ్చి తిప్పడం చేతి పని, ఎప్పుడు తిప్పాలో తెలియడం ఆకాశాన్ని చదవడం. సూర్యుడి మచ్చలు సుమారు పదకొండేళ్ళకొకసారి పెరిగి తరుగుతూ ఉంటాయి కనుక ఈ లెక్క ఏటికేడు కూడా మారుతుంది. పంచాంగం చూసే అలవాటున్నవారికి ఇది సులభంగా పట్టుబడుతుందని నా నమ్మకం.

మన దేశంలో ఈ విద్య 1921 ప్రాంతంలో మొదలైంది. అమరేంద్ర చంద్ర గుప్తు తొలి ఔత్సాహికుడని చెబుతారు. 1939లో యుద్ధం రాగానే ప్రభుత్వం అనుమతులన్నింటినీ రద్దుచేసి, యంత్రాలను అప్పగించమన్నది. అప్పగించిన వాటి సంగతి అటుంచి, విడిభాగాలను దాచుకొన్నవారు లేకపోలేదు. 1942 ఆగస్టులో ఉషా మెహతా, ఆమె సహచరులు బొంబాయిలో రహస్యంగా నడిపిన కాంగ్రెసు రేడియోకు యంత్రం సమకూర్చినవాడు నరిమన్ ప్రింటర్ అనే ఔత్సాహికుడే. ఆ రేడియో 42.34 మీటర్ల మీద పలికింది. దానిని మెగాహెర్ట్జులలోకి మార్చి చూడండి: ఏడు దశాంశం సున్నా ఎనిమిది చిల్లర. అది ఔత్సాహికుల 40 మీటర్ల పట్టీ లోపలిదే! ఏ పుస్తకమూ ఈ మాట నాకు చెప్పలేదు, కాగితం మీద భాగహారం చెప్పింది. చేతికి అలవాటైన శ్రుతిలోనే మనిషి తిరుగుబాటు కూడా చేస్తాడేమో. నవంబరు 12న పోలీసులు దాడిచేసేదాకా అది పలుకుతూనే ఉంది.

స్వాతంత్ర్యం తరువాత చాలాకాలం ఈ విద్య ధనికులకూ, సైన్యం వాడి పారవేసిన యంత్రాలను సంపాదించగలిగినవారికీ పరిమితమైంది. విదేశీ యంత్రం కొనాలంటే దిగుమతి సుంకం. ఇంట్లో చేసుకోవాలంటే విడిభాగాల కరవు. హైదరాబాదులో 1983లో జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ ఏర్పడింది. ఎస్. సూరి దాని స్థాపకులు. తెలుగునాట పరీక్షకు చదివించి, మోర్స్ చుక్కలూ గీతలూ నేర్పి, పిలుపు సంకేతాలు ఇప్పించడంలో ఆ సంస్థ చేసిన కృషి పెద్దది.

ఆ సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ గారి పేరు తలవకుండా ఈ చరిత్ర పూర్తికాదు. ఆమె సంకేతం వీయూ2ఆర్‌బీఐ. చాలా ఏళ్ళుగా ఔత్సాహిక స్వరం వినబడని అండమాన్ దీవులనుంచి ప్రపంచాన్ని పలకరించాలని 2004 డిసెంబరులో ఆమె బృందం పోర్ట్‌బ్లెయిర్ చేరింది. అది ఔత్సాహికులకు ఒక వేడుక మాత్రమే. డిసెంబరు 26 ఉదయం భూమి కంపించింది, సముద్రం విరుచుకుపడింది, ఫోన్లు మూగబోయాయి. వేడుకకు తెచ్చిన యంత్రమే అత్యవసర కేంద్రమైంది. పోర్ట్‌బ్లెయిర్‌కూ హైదరాబాదుకూ నడుమ పదహారు వందల కిలోమీటర్ల పైచిలుకు సముద్రమూ నేలా ఉన్నాయి. పధ్నాలుగు మెగాహెర్ట్జులు ఆ దూరానికి తగిన స్థాయి. ఆమె అందులోనే పలికారు. దీవులలోని ఆప్తుల క్షేమ సమాచారాలు ఆ మార్గాన ప్రధాన భూమికి చేరాయి. నెలల తరువాత, 2005 మే 5న, మన శ్రీహరికోటనుంచి హామ్‌శాట్ అనే ఉపగ్రహం ఔత్సాహికుల కోసమే ఎగిరింది. దాని మీద శ్రుతి కలపడం మరీ విచిత్రం. ఉపగ్రహం దగ్గరకు వచ్చేటప్పుడు స్వరం పెరిగి, దూరమయ్యేటప్పుడు తరుగుతుంది కనుక మాట్లాడుతున్నంతసేపూ గుండీ తిప్పుతూనే ఉండాలి. 2014 వరకు అది పనిచేసింది.

ఇక నేను చెప్పాలనుకొన్న ముఖ్య ఘట్టానికి వస్తాను. 2003లో హైదరాబాదు వాసి అష్‌హర్ ఫర్హాన్ ఒక ట్రాన్స్‌సీవర్ నమూనాను వ్రాసి అంతర్జాలంలో అందరికీ ఉచితంగా పెట్టాడు. దాని పేరు బిట్‌ఎక్స్20. ఆరు వాట్ల శక్తి, ఒకే పట్టీ, 20 మీటర్లు. అందులోని తెలివి రెండు విధాలు. మొదటిది, ఒకే దారిలో స్వరం అటూ ఇటూ నడుస్తుంది. వినేటప్పుడు ఒక దిక్కున, పలికేటప్పుడు మరొక దిక్కున. మిశ్రకాలూ వడపోతా రెండు పనులకూ అవే, కనుక భాగాలు సగమవుతాయి. రెండవది, మన ఊళ్ళలో దొరకని వస్తువేదీ అడగకపోవడం. చుట్టలకు పరదేశపు ఫెర్రైటు వలయాలు దొరకవా? కుళాయికి వేసే ప్లాస్టిక్ వాషరు మీద చుట్టుకో. ట్రాన్స్‌ఫార్మరు దొరకదా? టెలివిజన్ యాంటెన్నా తీగ దగ్గర వాడే చిన్న ఫెర్రైటు దిమ్మ తీసుకో. పది మెగాహెర్ట్జుల స్ఫటికాలు ఎలక్ట్రానిక్ దుకాణాలలో చవక. పాత రేడియోలోని గ్యాంగు కండెన్సరు శ్రుతికి చాలు. ఇవన్నీ సూర్యాపేట సంతలో కాకపోయినా, కోఠీలో ఒక పూట తిరిగితే దొరికేవే.

ఆ పెట్టె ఒకే పట్టీకి ఎందుకు కట్టుబడిందో లెక్క చూస్తే తెలుస్తుంది. స్ఫటికాల వడపోత పది దగ్గర కూర్చుంది. గుండీతో తిరిగే స్వరం నాలుగు మెగాహెర్ట్జులు. పది, నాలుగు కలిస్తే పధ్నాలుగు. కూడికకు బదులు తీసివేతగా పుట్టే ఆరు మెగాహెర్ట్జుల తోడుదొంగ కూడా అదే గుమ్మంలోనుంచి లోపలికి వస్తుంది కాబట్టి దానిని ఆపడానికి ముంగిట పధ్నాలుగుకు మాత్రమే శ్రుతిచేసిన తలుపు ఉండాలి. పట్టీ మార్చాలంటే తలుపు మార్చాలి, చుట్టలు మార్చాలి, స్విచ్చిలు, తీగలు, ఒకదాని గొంతు ఒకదానిలో కలవడం... ఇంట్లో చేసుకొనేవాడికి అది తలనొప్పి. కనుక ఆయన దానిని తలపెట్టలేదు. నా ఉద్దేశంలో ఆ నిగ్రహమే దానిని ప్రపంచమంతటా వ్యాపింపజేసింది. ఒక్క రాగమే నేర్చినా కచేరీ చేయగలిగినట్లు, ఒక్క పట్టీతోనే వేలమంది గాలిలోకి వచ్చారు.

2016లో అదే వంశంలో 40 మీటర్ల పెట్టె వచ్చింది. పన్నెండులోనుంచి అయిదు తీసివేస్తే ఏడు. ఈసారి బలకలు తయారుగానే దొరికాయి. వాటి తీగచుట్టలను చేతితో చుట్టింది హైదరాబాదులోని ఒక మహిళా బృందం. వాళ్ళ చేతి చుట్టలు ఖండాంతరాలలో పలుకుతున్నాయి.

ఆపైన మైక్రో బిట్‌ఎక్స్. 2017 చివర వెలువడిన ఈ పెట్టెలో బ్యాండు మార్చడమనే పాత చిక్కుకు కొత్త పరిష్కారముంది. లోపలికి వచ్చిన స్వరాన్ని క్రిందికి దించకుండా ముందు పైకి, 45 మెగాహెర్ట్జుల దాకా లేపుతారు. ఏడు వినాలంటే లోపలి స్వరం 52, పధ్నాలుగు వినాలంటే 59. తోడుదొంగ తొంభైకి పైన ఎక్కడో దూరంలో ఉండిపోతుంది కనుక ముంగిట ప్రతి పట్టీకీ ఒక తలుపు అక్కరలేదు, ముప్పైకి పైవాటిని ఆపే గడప ఒక్కటి చాలు. వేడెక్కితే జారిపోయే గ్యాంగు కండెన్సరు స్థానంలో అంకెలతో స్వరాన్ని పుట్టించే చిన్న చిప్పు కూర్చుంది. గుండీ తిప్పితే అది మెట్లు లెక్కపెడుతుంది, అంతే. మూడునుంచి ముప్పై మెగాహెర్ట్జుల వరకు ఎక్కడికైనా పోవచ్చు. పలికేటప్పుడు మాత్రం రెట్టింపు స్వరాలను ఆపడానికి నాలుగు వడపోతలు, వాటిని మార్చడానికి రిలేలు. బ్యాండు మారినప్పుడు వినిపించే ఆ టిక్కు చప్పుడు ఒకటే పాత స్విచ్చి జ్ఞాపకం.

(ఫర్హాన్ గారిని గురించి మరొక మాట. బంజారాహిల్స్‌లో 2010లో మొదలైన ‘లామకాన్’ సాంస్కృతిక వేదిక వెనుక ఉన్నవారిలో ఆయన ఒకరు. నాటకాలూ ముషాయిరాలూ జరిగే ఆ ప్రాంగణంలోనే ఔత్సాహికుల సమావేశాలూ జరిగాయి. కవిత్వానికీ కండెన్సరుకూ పొత్తు కుదరదనేవారు గమనించగలరు.)

ఇదంతా మా ప్రాంతానికి ఎందుకు కావాలో 2024 సెప్టెంబరు 1 చెప్పింది. ఆనాటి కుండపోతకు కోదాడ వీధులు ఏరులయ్యాయి. నడిగూడెం మండలంలో నాగార్జునసాగర్ ఎడమ కాలువకు గండిపడింది. హైదరాబాదు, విజయవాడల రహదారి తెగిపోయింది. అటు విజయవాడ బుడమేరులో మునిగింది. ఏ రెండు గొంతుల నడుమ మా ఊళ్ళు హాయిగా ముల్లు తిప్పుకొన్నాయో, ఆ రెండు దిక్కులూ ఒకేరోజు నీటిలో ఉన్నాయి. చేతిఫోను స్తంభానికి కరెంటు ఉన్నంతసేపే పలుకు. బ్యాటరీతో నడిచే పది వాట్ల పెట్టె దానిని అడగదు. అటువంటి పగటిపూట కోదాడనుంచి విజయవాడకైనా హైదరాబాదుకైనా ఏడు మెగాహెర్ట్జులు అందుతాయి. చీకటి ముదిరి పక్క ఊరు కరగిపోవడం మొదలుపెట్టగానే మూడున్నరకు దిగాలి.

అనుమతి పొందడం మునుపటంత కష్టం కాదు. పరిమిత తరగతి పరీక్షకు మోర్స్ అక్కరలేదు, వారి సంకేతం వీయూ3తో మొదలవుతుంది. సాధారణ తరగతికి నిమిషానికి ఎనిమిది మాటల వేగంతో చుక్కలూ గీతలూ రావాలి. పెట్టె సంగతి చెప్పాను. మిగిలింది తీగ. ఏడు మెగాహెర్ట్జులకు నడుమ తెగ్గొట్టి రెండు ప్రక్కలా చాచిన ఇరవై మీటర్ల రాగి తీగ కావాలి, మూడున్నరకు నలభై మీటర్లు. దగ్గరి ఊళ్ళతో మాటకు స్వరం నిట్టనిలువుగా పోవాలి కనుక పెద్ద స్తంభాలు అక్కరలేదు, రెండు వేపచెట్ల నడుమ పెంకుటింటి ఎత్తున కడితే సరిపోతుంది. మిర్యాలగూడలో కట్టేవారు మిల్లులకు కాస్త ఎడంగా కట్టుకోవాలి.